రోజుకు ఇరవై నిమిషాలు ఎవరిస్తారు?

2021 మే నెలలో కృష్ణపట్నం పేరు దేశమంతటా మారుమ్రోగింది. కోవిడ్ రెండవ ఉధృతి ప్రజలను భయకంపితులను చేసిన ఆ రోజుల్లో, నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని ఈ తీరగ్రామంలో బొనిగి ఆనందయ్య ఇచ్చే మూలికా మందు కోసం వేలాది మంది బారులు తీరారు. పంపిణీ కొన్నాళ్ళు నిలిచిపోయింది. నిపుణులు పరిశీలించిన పిమ్మట మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంట్లో వేసే చుక్కల మందును మినహాయించి మందు పంపిణీకి అనుమతినిచ్చింది. ఆ మందు గుణదోషాలు ఈ శీర్షికకు సంబంధించిన విషయం కాదు. అయితే ఆ బారులు మానవ స్వభావం గురించి ఒక మాట చెప్పాయి. ఒక్క మోతాదుతో బాధ తీరుతుందంటే మనం ఎంత దూరమైనా ప్రయాణిస్తాము. ప్రతిరోజూ మనమే చేసుకోవలసిన చికిత్స ఉన్నదంటే, అది ఇంటి నాలుగు గోడల మధ్యనే ఉన్నా దానికి సమయం దొరకదు.

నడుము నొప్పికి, కీళ్ళ నొప్పులకు చేసే ఫిజియోథెరపీ ఈ రెండవ కోవకు చెందినది. కృష్ణపట్నం, ముత్తుకూరు పరిసరాల్లోని కొన్ని కుటుంబాలతో మేము ఈ విషయమై మాట్లాడాము. ఆ అనుభవాల నుండి గ్రహించిన సంగతులను పాఠకుల ముందుంచుతున్నాము.

తీరం పనులు, నడుము మీది బరువు

కండలేరు వాగు సముద్రంలో కలిసే చోట ఉన్న ఈ ఊరు తరతరాలుగా వలను, పడవను నమ్ముకొని బ్రతికింది. 2008లో ఆధునిక నౌకాశ్రయం పని ప్రారంభించిన తరువాత లారీలు, క్రేన్లు, గోదాములు వచ్చాయి. చుట్టుపక్కల వరి పొలాలు, రొయ్యల గుంటలు ఉన్నాయి. తడిసిన వలను లాగే మత్స్యకారుడు, వంగి నాట్లు వేసే స్త్రీ, మేత బస్తాను గట్టు మీదుగా మోసే కూలీ, రాత్రంతా కుదుపుల మధ్య కూర్చొని బండి నడిపే లారీ డ్రైవరు, వీరందరి కష్టమూ చివరకు నడుము మీదనే పడుతుంది.

మన కుటుంబాల్లోని పనులూ ఇందుకు భిన్నం కావు. దూదేకే వృత్తితో బ్రతికిన నూర్‌బాషా పెద్దలు గంటల తరబడి వంగి పనిచేసినవారే. ఇదే జిల్లాలోని ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కే ముస్లిమ్ మహిళలు నేలమీద కూర్చొని తల వంచి పనిచేస్తారు. ఇంటివద్ద కుట్టుమిషను తొక్కే అక్కచెల్లెళ్ళకు మెడ, భుజం, నడుము మూడూ ఒకేసారి పట్టేస్తాయి.

ఇది మన ప్రాంతానికి మాత్రమే పరిమితమైన బాధ కాదు. 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారని, 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2019లో కీళ్ళ అరుగుదలతో బాధపడుతున్నవారు దాదాపు 52.8 కోట్లు. వారిలో సుమారు 60 శాతం స్త్రీలు. అన్నింటికంటే ఎక్కువగా బాధించే కీలు మోకాలు.

'కరెంటు పెట్టించుకోవడం' కాదు

ఫిజియోథెరపీ అనగానే మన ఊళ్ళలో వినిపించే మాట 'కరెంటు పెట్టించుకొని వచ్చాము' అని. రోగి పడుకుంటాడు, యంత్రం పనిచేస్తుంది, పావుగంటకు లేచి ఇంటికి వస్తాడు. పది రోజులు అలా తిరిగి, నొప్పి మళ్ళీ వస్తే 'అది కూడా చూశాము, ఫలితం లేదు' అని నిర్ణయించుకుంటారు. నిజానికి వారు ఫిజియోథెరపీలో అసలు భాగాన్ని ఇంకా ప్రారంభించనే లేదు.

దీర్ఘకాలిక నడుము నొప్పి గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు వెలువరించింది. రోగికి తన బాధను గురించి తెలియజెప్పడం, క్రమబద్ధమైన వ్యాయామం, మర్దన వంటి కొన్ని శారీరక చికిత్సలు అందులో సిఫారసు చేయబడ్డాయి. నడుముకు బెల్టు కట్టుకోవడం, బరువులు వ్రేలాడదీసి నడుమును లాగించడం, చర్మం మీద కరెంటు పెట్టడం, అల్ట్రాసౌండు యంత్రంతో రుద్దడం మామూలు చికిత్సగా వాడదగినవి కావని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేడి కాపడం కొంత హాయినిస్తుంది, నిజమే. కాని కండరానికి బలమిచ్చేది కాపడం కాదు, కదలిక.

దీనికి కారణం మన శరీర నిర్మాణంలోనే ఉన్నది. ఎముకల చివరలను కప్పి ఉండే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలులోని ద్రవం నుండే దానికి పోషణ అందుతుంది. కీలు కదిలినప్పుడు, దానిమీద బరువు పడి తొలగినప్పుడు ఆ ద్రవం లోపలికి, వెలుపలికి ప్రసరిస్తుంది. నొప్పికి భయపడి కాలు కదపకుండా ఉంచితే కీలుకు ఆహారం తగ్గుతుంది, తొడ కండరం సన్నబడుతుంది. కండరం మోయవలసిన బరువు కీలు మీద పడుతుంది, నొప్పి మరింత పెరుగుతుంది. ఈ వలయాన్ని త్రెంచడమే ఫిజియోథెరపిస్టు పని. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కట్టించుకున్నవారైనా, ఆసుపత్రిలో పిండికట్టు వేయించుకున్నవారైనా, కట్టు విప్పిన తరువాత బిగుసుకుపోయిన కీలును తిరిగి కదిలించుకోవలసిందే.

మన వైద్య వారసత్వానికి ఇది కొత్త విషయం కాదు. వెయ్యేళ్ళ క్రితం ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్' మొదటి సంపుటంలో ఆరోగ్య పరిరక్షణను వివరిస్తూ వ్యాయామానికి అగ్రస్థానమిచ్చాడు. మర్దనలో రకాలను కూడా వివరించాడు.

ఒక ఇంటి అనుభవం

ముత్తుకూరు దారిలోని ఒక ఇంటి పెద్దావిడ సంగతి చెప్పుకుందాము. ఆమె వయస్సు అరవై దాటింది. మూడేళ్ళుగా రెండు మోకాళ్ళ నొప్పి. ఊరి వైద్యుని సూది, మందుల షాపు మాత్రలు, వేడి నూనె, మోకాలి పట్టీ, అన్నీ అయ్యాయి. 'వయసు మీద పడింది, ఇంతే' అని ఇంటిల్లిపాదీ సమాధానపడ్డారు. నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపుకు, మూత్రపిండాలకు హాని అని డాక్టరు హెచ్చరించిన తరువాత, కుమారుడు ఆమెను నెల్లూరులో ఫిజియోథెరపిస్టు వద్దకు తీసుకువెళ్ళాడు.

అక్కడ అడిగిన మొదటి ప్రశ్న 'ఎక్కడ నొప్పి?' అని కాదట. "అమ్మా, ఈ నొప్పి వల్ల మీరు చేయలేకపోతున్న పని ఏమిటి?" అని అడిగారు. ఆమె ఆలోచించి, "నేలమీద సజ్దా చేయలేకున్నాను నాయనా" అన్నది. ఆ సమాధానమే చికిత్సకు లక్ష్యమైంది.

మొదటి రెండు వారాలు ఇచ్చిన పని చాలా చిన్నది. కాలు చాచి, మోకాలి క్రింద మడిచిన తువ్వాలు ఉంచి, దానిని నేలకేసి అయిదు సెకన్లు నొక్కి పట్టాలి. ఇలా పదిసార్లు. తరువాత వెల్లకిలా పడుకొని, ఒక కాలు మడిచి, రెండవ కాలిని నిటారుగా జానెడు ఎత్తి నిలపాలి. మూడవ వారం నుండి ఎత్తైన కుర్చీలో నుండి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ప్రారంభించి, కాలు బలపడే కొద్దీ ఒక్కొక్క దిండూ తీసివేశారు. వ్యాయామం తరువాత నొప్పి కొంచెం పెరగవచ్చు. మరునాటికి తగ్గితే భయం లేదు, తగ్గకపోతే లెక్క తగ్గించి చేయాలి. ఈ ఒక్క సూత్రం తెలియకనే చాలామంది మొదటి వారంలోనే 'నొప్పి ఎక్కువైంది' అని మానివేస్తున్నారు.

ఆమె విషయంలోనూ ఆటంకం వచ్చింది, కాని అది మోకాలి నుండి కాదు. ఉదయం మనుమల బడి హడావిడి, పదింటికి వంట, మధ్యాహ్నం బంధువుల రాక, సాయంత్రం మళ్ళీ పొయ్యి. రెండవ వారంలో ఆమె వ్యాయామం చేసింది రెండు రోజులు మాత్రమే. మరోసారి నెల్లూరు వెళ్ళినప్పుడు ఫిజియోథెరపిస్టు ఈ సంగతి గ్రహించి, ఆమెతో గాక కుమారునితో మాట్లాడారు. "మందు నేను వ్రాశాను. అది మింగడానికి ఆమెకు మీ ఇంట్లో ఇరవై నిమిషాలు లేవు" అన్నారు.

ఆ మాట ఇంటిల్లిపాదికీ తగిలింది. అస్ర్ నమాజు తరువాత ఇరవై నిమిషాలు ఆమెవని నిర్ణయించారు. ఆ సమయంలో పొయ్యి దగ్గర కోడలు ఉంటుంది, నీళ్ళ బిందెలు కుమారుడు తెస్తాడు. లెక్కపెట్టే బాధ్యత ఏడేళ్ళ మనుమడిది. నాయనమ్మ పదికి ముందే ఆపితే వాడు ఒప్పుకోడు. మూడు నెలలు గడిచేసరికి ఆమె ఒక పీట మీద చేయి ఆనించుకొని నేలమీది నుండి లేవగలుగుతున్నది. ఫజ్ర్, మగ్రిబ్ నమాజులు నేలమీదనే చేస్తున్నది. తరావీహ్ వంటి దీర్ఘ నమాజులకు నేటికీ కుర్చీ వాడుతున్నది. నొప్పి పూర్తిగా పోలేదు. అరిగిన కీలు తిరిగి కొత్తది కాదు. కాని మాత్రల అవసరం తగ్గింది, మెట్లు ఎక్కగలుగుతున్నది, ఒకరి చేయి కోసం ఎదురుచూడడం తప్పింది.

కుర్చీ గురించి రెండు మాటలు

అయిదు పూటల ఫర్జ్ నమాజుల్లో 17 రకాతులు, 34 సజ్దాలు ఉన్నాయి. ఆరోగ్యవంతునికి ఇది ఆరాధనతోపాటు కీళ్ళకు నిత్య కదలిక. నొప్పి ఉన్నవారికి మాత్రం అదే పరీక్ష అవుతుంది. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) తమ అనారోగ్యం గురించి విన్నవించుకున్నప్పుడు, నిలబడి నమాజు చేయమని, శక్తి లేకుంటే కూర్చొని, అదీ సాధ్యం కాకుంటే పక్కకు ఒరిగి చేయమని దైవప్రవక్త (సఅసం) సెలవిచ్చిన విషయం బుఖారీ గ్రంథంలో నమోదై ఉన్నది. కనుక నిజమైన నొప్పితో కుర్చీలో కూర్చొని నమాజు చేసే పెద్దలను చిన్నచూపు చూడడం తగదు. మస్జిదులో వారిని చూసి గుసగుసలాడడం అంతకంటే తగదు.

మరొక వైపు కూడా చూడాలి. కుర్చీ అనుమతి అవసరానికి ఇచ్చినది. అది చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. యాభై ఏళ్ళకే కుర్చీలో కూర్చొని ఇక లేవవలసిన పని లేదనుకుంటే తొడ కండరాలు మరింత బలహీనపడతాయి. ఎవరు ఎంతవరకు నిలబడాలి, రుకూ సజ్దాలు ఎలా సైగ చేయాలి అనే వివరాలలో ఇమాముల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి. వాటిని తమ ఊరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. కీలు ఎంత వంగగలదో, ఎంత వంచితే హానియో ఫిజియోథెరపిస్టును అడగాలి. రెండు ప్రశ్నలూ ఇద్దరినీ అడిగినవారు సాఫీగా నడుస్తారు.

స్త్రీలు చెప్పుకోలేని నొప్పి

భుజం బిగుసుకుపోయి, జడ వేసుకోవడానికి కూడా చేయి లేవని ఒక సోదరి ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. ఆమెకు చక్కెర వ్యాధి ఉన్నది. ఆ వ్యాధి ఉన్నవారిలో భుజం బిగుసుకుపోవడం ఎక్కువని డాక్టర్లకు తెలుసు, ఆమెకు తెలియదు. పరీక్షకు పురుషుని ముందు భుజం చూపవలసి వస్తుందేమోనన్న బిడియమే ఆమెను ఆపింది.

ఈ బిడియం గౌరవించదగినది, కాని దానికి పరిష్కారాలున్నాయి. ఫిజియోథెరపీ చదివిన మహిళలు నేడు పట్టణాల్లో ఎందరో పనిచేస్తున్నారు. వెళ్ళేముందు ఫోను చేసి మహిళా ఫిజియోథెరపిస్టు ఉండే వేళను అడగవచ్చు. ఇంటి నుండి ఒకరిని తోడు తీసుకువెళ్ళవచ్చు. వదులైన సల్వారు వేసుకొని వెళ్తే పరీక్షలో చాలా భాగం వస్త్రం మీది నుండే జరుగుతుంది. మహిళ దొరకని చోట అవసరమైన మేరకు చికిత్స పొందడానికి ధర్మం అడ్డు కాదని ఉలమాలు చెబుతూనే ఉన్నారు.

డబ్బు, దూరం కూడా అడ్డంకులే. కృష్ణపట్నం నుండి నెల్లూరు వెళ్ళి రావడమంటే ఒక రోజు కూలి పోవడమే. అందుకే మొదటిసారి వెళ్ళినప్పుడే, "రోజూ రాలేము, ఇంట్లో చేసుకునేవి నేర్పండి" అని స్పష్టంగా అడగాలి. నేర్పిన వాటిని తోడు వెళ్ళినవారు కాగితం మీద వ్రాసుకోవాలి. పది పదిహేను రోజులకొకసారి చూపించుకొని లెక్క మార్పించుకుంటే చాలామందికి సరిపోతుంది. వృద్ధుల ఆరోగ్యానికై 2010-11లో మొదలైన జాతీయ కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ సేవ ఉండాలని పేర్కొన్నది. ప్రైవేటుకు వెళ్ళేముందు ప్రభుత్వాసుపత్రిలో విచారించడం మేలు. చికిత్స చేసేవారు ఫిజియోథెరపీ పట్టా పొందినవారేనా అని అడగడానికి సంకోచం అక్కరలేదు. ఈ వృత్తిని చట్టం పరిధిలోకి తెస్తూ 2021లో పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేసింది.

బెల్టు, పరుపు, లారీ సీటు

నౌకాశ్రయానికి లారీ నడిపే ఒక సోదరుడు రెండేళ్ళు నడుముకు బెల్టు బిగించి తిరిగాడు. బెల్టు ఉన్నంతసేపూ ధైర్యం, విప్పగానే భయం. ఫిజియోథెరపిస్టు అతనికి నేర్పినవి ఖర్చు లేనివి. రెండు గంటలకొకసారి బండి ఆపి అయిదు నిమిషాలు నడవాలి. నడుము వంపు దగ్గర చుట్టిన తువ్వాలు పెట్టుకోవాలి. బండి దిగిన వెంటనే టార్పాలిన్ తాళ్ళు లాగకుండా కాస్త నడిచి అప్పుడు లాగాలి. ఉదయం వెల్లకిలా పడుకొని, మోకాళ్ళు మడిచి, నడుము పైకెత్తి నిలిపే వ్యాయామం పదిసార్లు చేయాలి. అతను బెల్టును ఒకేసారి పారవేయలేదు, మెల్లగా మరచిపోయాడు.

నడుము నొప్పి వస్తే కటిక నేలమీద పడుకోవాలని పెద్దలు చెబుతారు. 2003లో స్పెయిన్‌లో 313 మందిపై జరిగిన పరిశీలనలో బాగా గట్టి పరుపుల కంటే మధ్యరకం గట్టిదనం ఉన్నవాటి మీద పడుకున్నవారికే ఎక్కువ ఉపశమనం కలిగినట్లు తేలింది. మన నూర్‌బాషా సోదరులు ఏకి కుట్టిన దూది పరుపు గడ్డలు కట్టకుండా ఉంటే, ఖరీదైన పరుపు కోసం అప్పు చేయవలసిన పని లేదు.

వేచి ఉండకూడని సందర్భాలు

నడుము నొప్పుల్లో నూటికి తొంభై వరకు ప్రమాదకరమైన వ్యాధి వల్ల వచ్చేవి కావు. అయితే ఈ లక్షణాలు కనిపిస్తే వ్యాయామం మొదలుపెట్టకుండా ముందు డాక్టరును కలవాలి: మూత్ర విసర్జన, మల విసర్జన మీద అదుపు తప్పడం, తొడల మధ్య భాగం మొద్దుబారడం, కాలు రోజురోజుకూ బలహీనపడడం, జ్వరం, బరువు తగ్గడంతో కూడిన నొప్పి, ఎత్తు నుండి పడిన తరువాత వచ్చిన నొప్పి, పూర్వం క్యాన్సరు ఉన్నవారికి కొత్తగా వచ్చిన నొప్పి. మూత్రం అదుపు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం కనిపిస్తే తెల్లవారే దాకా కూడా ఆగరాదు. కీలు వాచి, ఎర్రబడి, వేడిగా ఉండి జ్వరం తోడైతే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. అటువంటి చోట నూనె మర్దన చేయరాదు.

ఇంటివారి వంతు

మనిషి శరీరంలో 360 కీళ్ళు ఉన్నాయని, ప్రతి ఉదయం ప్రతి కీలు తరఫునా ఒక దానం చెల్లించవలసి ఉన్నదని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఒకరికి వాహనం ఎక్కడంలో తోడ్పడడం, వారి సామాను అందివ్వడం కూడా ఆ దానాల్లోనివే. ఈ మాటను మన ఇళ్ళకు అన్వయించుకుంటే, అమ్మ చేతిలోని బిందె అందుకోవడం మన కీళ్ళ తరఫున చెల్లించే దానం, ఆమె కీళ్ళకు చికిత్స కూడా. దైవప్రవక్త (సఅసం) ఇంట ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. పొయ్యిని నేలమీది నుండి గట్టు మీదికి మార్చడం, మరుగుదొడ్డిలో ఎత్తైన కమోడు కుర్చీ ఉంచడం, స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కమ్మీ బిగించడం, ఇవన్నీ ఒక్కపూట పనులు.

ఫిజియోథెరపీ ఫలించకపోవడానికి రోగి బద్ధకమే కారణమని అందరూ అంటారు. మేము మాట్లాడిన ఇళ్ళలో మాకు కనిపించినది వేరు. ముఖ్యంగా స్త్రీల విషయంలో, కొరవడినది పట్టుదల కాదు, సమయం. ఆ సమయం ఆమె అడిగి తీసుకునేది కాదు, ఇంటివారు లేచి ఇవ్వవలసినది. ఈ సంచిక చదివిన ప్రతి కుటుంబమూ ఈ రాత్రే కూర్చొని, తమ ఇంట్లో నొప్పిని దాచుకుంటున్నది ఎవరో, రేపటి నుండి వారి ఇరవై నిమిషాలు ఏ పూటవో నిర్ణయించుకోవాలని కోరుతున్నాము.

వ్యాధినిచ్చి, దానికి చికిత్సను కూడా సృష్టించిన అల్లాహ్ మన పెద్దలకు స్వస్థత ప్రసాదించుగాక! వారికి తోడ్పడే సద్బుద్ధిని మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.